ఫిక్స్‌డ్ గేరు సైకిలు: భాగాల ఎంపిక, సంరక్షణ

వెనక చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు కూడా తిరుగుతూనే ఉండే సైకిలును ఫిక్స్‌డ్ గేరు సైకిలు అంటారు. తొక్కేవాళ్ల నోట అది ‘ఫిక్సీ’. మామూలు సైకిల్లో వెనక చక్రానికి ఫ్రీవీలు ఉంటుంది కాబట్టి కాళ్లు ఆపేసినా బండి టిక్కుటిక్కుమంటూ ముందుకు పోతుంది. ఫిక్సీలో ఫ్రీవీలు ఉండదు. ఆ స్థానంలో హబ్బుకు గట్టిగా బిగించిన పళ్ల చక్రం, అంటే కాగ్, ఉంటుంది. చక్రం తిరిగితే కాళ్లూ తిరగాల్సిందే. కాళ్లతో పెడళ్లను వెనక్కి అదిమితే చక్రం నెమ్మదిస్తుంది. పూర్తిగా బిగబట్టగలిగితే ఆగిపోతుంది. సర్కస్‌లో వెనక్కి తొక్కే సైకిలు, సైకిలు పందేల ట్రాకైన వెలోడ్రోమ్‌లో పరుగుతీసే సైకిలు ఈ జాతివే. వెలోడ్రోమ్ సైకిళ్లకు అసలు బ్రేకులే ఉండవు.

ఈ సైకిల్లో గేర్లు మార్చే తీగలు, డెరైలర్లు, ఫ్రీవీలు లోపలి స్ప్రింగులు ఏవీ లేవు. ఉన్న భాగాలు తక్కువ, వాటి మీద పడే పని మాత్రం రెట్టింపు. బండిని ముందుకు లాగే చైనే దాన్ని ఆపడానికీ పనికొస్తుంది. కాగ్ మరలు ముందుకు లాగే బలాన్నీ, వెనక్కి అదిమే బలాన్నీ రెంటినీ తట్టుకోవాలి. మామూలు సైకిల్లో చైను తెగితే బండి ముందుకు కదలదు, బ్రేకులు పనిచేస్తాయి. ముందు బ్రేకు లేని ఫిక్సీలో చైను తెగిందంటే ఆగే దారే ఉండదు. అందువల్ల దీని భాగాలు ఎంచుకునేటప్పుడు బరువు, రంగు, బ్రాండు తర్వాతి సంగతి. ఏ భాగం దేనికి ఎంత గట్టిగా పట్టి ఉందన్నది మొదటి ప్రశ్న.

హూడి నేపథ్యం

బెంగళూరు తూర్పు కొసన, మహదేవపుర–వైట్‌ఫీల్డ్ నడుమ ఉన్న హూడి ఇలాంటి సైకిలుకు మంచి పరీక్షా స్థలం. ఒకవైపు ఐటీపీఎల్, వైట్‌ఫీల్డ్ ఆఫీసులు సైకిలు మీద చేరుకోగల దూరంలో ఉన్నాయి. మరోవైపు కె.ఆర్.పురం దాటి హోసకోట మీదుగా కోలారు, ముళబాగిలు, పలమనేరు, చిత్తూరు వెళ్లే పాత మద్రాసు దారి. ఈ చుట్టుపక్కల గదుల్లో, అపార్ట్‌మెంట్లలో రాయలసీమ నుంచి వచ్చిన ఉద్యోగులు చాలామంది ఉంటారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆఫీసుకు తీసుకెళ్లిన సైకిలే శనివారం హైవే ఎక్కడం ఇక్కడ మామూలు.

2023 మార్చిలో కె.ఆర్.పురం–వైట్‌ఫీల్డ్ మధ్య పర్పుల్ లైను మెట్రో మొదలైంది. అదే ఏడు అక్టోబరులో బైయప్పనహళ్లి దగ్గరి తెంపు కూడా పూడడంతో హూడి నుంచి నగరం నడిబొడ్డుకు నేరుగా రైలు వచ్చింది. కింద రోడ్డు మీద మాత్రం గుంతలు, హంపులు, సిమెంటు దుమ్ము, నీళ్ల ట్యాంకర్లు అలాగే ఉన్నాయి. నగరంలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు కాస్త తక్కువ వాన పడుతుంది. అందులో పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరులది. మే నెల సాయంత్రాల్లోనూ ఉరుములతో జల్లులు పడతాయి. వాన నీటితో కలిసిన దుమ్ము చైనుకూ, రిమ్ములకూ గరుకు కాగితంలా పనిచేస్తుంది.

చరిత్ర

జాన్ కెంప్ స్టార్లీ 1885లో తయారుచేసిన రోవర్ సేఫ్టీ సైకిలుతో మొదలుపెట్టి, పంతొమ్మిదో శతాబ్దం చివరిదాకా సైకిళ్లంటే ఫిక్స్‌డ్ గేరువే. 1891లో మొదటి పారిస్–బ్రెస్ట్–పారిస్ పందెంలో షార్ల్ తెరాఁ సుమారు 1,200 కిలోమీటర్లను 71 గంటల 22 నిమిషాల్లో పూర్తిచేసింది ఫ్రీవీలు లేని కాలంలోనే. ఆ శతాబ్దం ముగిసే వేళకు ఫ్రీవీలు వ్యాపించింది. అయినా తొలినాళ్ల టూర్ డి ఫ్రాన్స్‌లో డెరైలర్లను అనుమతించలేదు. 1937లో గాని ఆ నియమం సడలలేదు. అంతవరకు పోటీదారులు వెనక చక్రానికి రెండు వైపులా వేర్వేరు పళ్ల చక్రాలు బిగించుకుని, కొండ మొదట్లో దిగి చక్రాన్ని తిప్పి వేసుకునేవారు.

రోడ్డు మీద కనుమరుగైన ఫిక్స్‌డ్ గేరు ట్రాకు మీద నిలిచింది. జపాన్‌లో 1948లో కొకురాలో మొదలైన కైరిన్ పందేలు దాన్ని పెద్ద వృత్తి క్రీడగా మార్చాయి. తెలుగునాట హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన వెలోడ్రోమ్ ఈ సైకిళ్లకు నెలవు. అమెరికా నగరాల్లో కొరియరు కుర్రాళ్లు ట్రాకు సైకిళ్లను వీధుల్లోకి తెచ్చారు. మసాచుసెట్స్‌కు చెందిన మెకానిక్ షెల్డన్ బ్రౌన్ (1944–2008) రాతలు రోడ్డు మీద ఫిక్సీ తొక్కేవాళ్లకు దాదాపు పాఠ్యపుస్తకాలయ్యాయి.

గేరు లెక్క

ఫిక్సీకి ఒక్కటే గేరు కాబట్టి ఎంపికలో మొదటి నిర్ణయం అదే. ముందరి చైన్‌వీలు పళ్లను వెనక కాగ్ పళ్లతో భాగించి, వచ్చినదాన్ని చక్రం చుట్టుకొలతతో గుణిస్తే, పెడలు ఒక చుట్టు తిరిగినప్పుడు బండి ఎంత దూరం పోతుందో తెలుస్తుంది. 700×28 టైరు చుట్టుకొలత సుమారు 2.136 మీటర్లు. 46×18 వేస్తే చుట్టుకు 5.46 మీటర్లు, 48×17 వేస్తే 6.03 మీటర్లు వస్తాయి. నిమిషానికి 90 చుట్లు తొక్కితే మొదటిది గంటకు 29.5 కిలోమీటర్లు, రెండోది 32.6 కిలోమీటర్ల వేగమిస్తుంది.

పాలవాళ్లు, పేపరు వాళ్లు తొక్కే 28 అంగుళాల నల్ల సైకిలుకు 44 పళ్ల చైన్‌వీలు, 18 పళ్ల ఫ్రీవీలు ఉంటే అది కూడా చుట్టుకు దాదాపు అయిదున్నర మీటర్లే పోతుంది. బరువు మోస్తూ, ఎదురుగాలిలో, చిన్న ఎత్తులు ఎక్కుతూ రోజంతా తొక్కడానికి ఈ దేశపు రోడ్ల మీద కుదురుకున్న గేరు అది. హూడి నుంచి ఆఫీసుకూ, హోసకోట దారికీ 46×18 చుట్టుపక్కల గేరు సరిపోతుందనడానికి ఇంతకంటే పాత సాక్ష్యం అక్కర్లేదు. 48×16 వంటి బరువు గేరు సిగ్నలు దగ్గర ఎత్తుకోవడానికీ, కాళ్లతో ఆపడానికీ మోకాళ్లను ఇబ్బంది పెడుతుంది.

పళ్ల సంఖ్యలో మరో సూక్ష్మం ఉంది. కాళ్లు బిగబట్టి వెనక చక్రాన్ని జార్చేవాళ్లకు టైరు అరుగుదల ఈ లెక్క మీదే ఆధారపడుతుంది. 48×16 అంటే సరిగ్గా మూడుకు ఒకటి. ఎన్నిసార్లు జార్చినా ఒకే కాలు ముందుంటే టైరు ఒకేచోట రోడ్డుకు రాసుకుని కొద్దిరోజుల్లోనే గుడ్డ బయటపడుతుంది. 47×17 అయితే ఆ రాపిడి 17 చోట్లకు పంచుకుపోతుంది. కాలు మారుస్తూ ఉంటే 34 చోట్లకు. ముందు బ్రేకు వాడుతూ ఎప్పుడూ జార్చని వారికి ఈ లెక్కతో పని లేదు.

వెనక హబ్బు, కాగ్, లాక్‌రింగు

ఫిక్సీలో అన్నిటికంటే జాగ్రత్తగా ఎంచాల్సిన భాగం వెనక హబ్బు. అసలైన ట్రాకు హబ్బుకు రెండు అంచెల మరలుంటాయి. లోపలి పెద్ద అంచె మీద కాగ్ మామూలు దిశలో, అంటే కుడివైపుకు బిగుస్తుంది. దాని పక్కనున్న చిన్న అంచె మీద లాక్‌రింగు ఎడమవైపుకు బిగుస్తుంది. కాళ్లతో వెనక్కి అదిమినప్పుడు కాగ్ వదులవ్వాలని చూస్తుంది, అది తిరిగే దిశ లాక్‌రింగును మరింత బిగిస్తుంది. అందుకే రెండూ ఒకదానినొకటి పట్టుకుని నిలుస్తాయి.

మన ఊళ్ల మామూలు సైకిళ్ల ఫ్రీవీలు మర కూడా 1.37 అంగుళాల వ్యాసం, అంగుళానికి 24 చుట్లదే. అంటే ట్రాకు కాగ్ ఆ హబ్బు మీద చక్కగా ఎక్కుతుంది. ప్రమాదమంతా అక్కడే ఉంది. ఆ హబ్బుకు ఎడమ మర అంచె లేదు కాబట్టి లాక్‌రింగుకు చోటే లేదు. ఫ్రీవీలును వెల్డింగు చేయించి ఫిక్సీ చేసుకున్నా ఇదే తంటా. గట్టిగా వెనక్కి అదిమిన క్షణాన మొత్తం మర విడిపోయి చక్రం స్వేచ్ఛగా తిరిగిపోతుంది. తక్కువ ఖర్చులో ఫిక్సీ చేసుకునేవాళ్లు ఫ్రేము విషయంలో సర్దుకోవచ్చు గాని హబ్బు దగ్గర సర్దుకోకూడదు.

ట్రాకు హబ్బు వెడల్పు సాధారణంగా 120 మి.మీ. రోడ్డు సైకిలు ఫ్రేముకు 130 మి.మీ. ఉంటుంది, కాబట్టి పాత రోడ్డు ఫ్రేమును మార్చుకునేటప్పుడు వాషర్లతోనో, పొడవు ఇరుసుతోనో ఈ తేడా పూడ్చాలి. ఒకవైపు కాగ్, మరోవైపు ఫ్రీవీలు పట్టే రెండు ముఖాల హబ్బు దూరప్రయాణాలకు బాగా అక్కరకొస్తుంది. కాగ్ నాణ్యతకు షిమానో డ్యూరా ఏస్ ట్రాకు కాగ్‌ను ప్రమాణంగా చెప్పుకుంటారు. మరలు లోతుగా, నేర్పుగా కోసిన ఏ ఉక్కు కాగ్ అయినా సరే, పల్చటి మరల కాగ్ మాత్రం హబ్బు మరలను కూడా తినేస్తుంది.

కాగ్ బిగించే పద్ధతి ఇది. మరలకు గ్రీజు రాసి, కాగ్‌ను చేత్తో ఎక్కించి, చైను కట్టిన పానాతో శక్తికొద్దీ బిగించాలి. లాక్‌రింగును కొక్కెం పానాతో ఎదురు దిశలో బిగించాలి. ఆ తర్వాత చదునైన రోడ్డు మీద ఒక గుట్ట ఎక్కినట్టు గట్టిగా తొక్కితే కాగ్ మరికొంత కూర్చుంటుంది. దిగి మళ్లీ లాక్‌రింగు బిగిస్తే అదనంగా పావు చుట్టు తిరగడం మామూలే. ఈ రెండో బిగింపు మానేసిన సైకిళ్లలోనే వారం తిరిగేసరికి కాగ్ దగ్గర టక్కుమనే చప్పుడు మొదలవుతుంది.

చైను, చైన్‌లైను

చైన్‌వీలు, కాగ్ ఒకే గీతలో ఉండాలి. ఫ్రేము మధ్యగీత నుంచి చైన్‌వీలు పళ్లదాకా ఉన్న దూరం, కాగ్ పళ్లదాకా ఉన్న దూరం సమానంగా ఉండాలి. ట్రాకు సైకిళ్లలో అది సుమారు 42 మి.మీ. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా వచ్చినా చైను గరగరలాడుతుంది. తేడా ఎక్కువైతే జారిపడుతుంది. పరుగు మీద చైను జారి చక్రంలో ఇరుక్కుంటే బండి ఉన్నచోటే బిగుసుకుపోతుంది. పెడళ్లు తిరిగే బాటమ్ బ్రాకెట్ ఇరుసు పొడవు మార్చి ఈ గీతను సరిచేస్తారు.

చైన్లు రెండు వెడల్పుల్లో వస్తాయి. అంగుళంలో ఎనిమిదో వంతుది వెడల్పైన చైను, 3/32 అంగుళానిది సన్నది. చైను, చైన్‌వీలు, కాగ్ మూడూ ఒకే వెడల్పులో తీసుకుంటే గొడవ ఉండదు. హూడి నుంచి హైవే ఎక్కేవాళ్లకు వెడల్పు చైను తీసుకోవడంలో ఒక లాభముంది. నల్ల సైకిళ్ల చైను కూడా అర అంగుళం పిచ్, ఎనిమిదో వంతు వెడల్పే. ముళబాగిలులోనో, పలమనేరులోనో సైకిల్ షాపులో దొరికే చైను అవసరానికి ఆదుకుంటుంది. క్లిప్పు లాకున్న చైనయితే, క్లిప్పు తెరిచిన కొస చైను నడిచే దిశకు వెనకవైపు ఉండాలి.

బ్రేకులు

ఆపేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది. వెనక చక్రాన్ని కాళ్లతో ఎంత అదిమినా అది వెనక బ్రేకు ఇచ్చే బలాన్ని మించదు. అందుకే రోడ్డు మీది ఫిక్సీకి ముందు బ్రేకు తప్పనిసరి. బ్రిటన్‌లో 1983 నాటి సైకిల్ నిర్మాణ నిబంధనల ప్రకారం పెద్దల సైకిలుకు ముందూ వెనకా రెండు బ్రేకులుండాలి. ఫిక్స్‌డ్ చక్రాన్ని వెనక బ్రేకుగా లెక్కిస్తారు, ముందు బ్రేకుకు మినహాయింపు లేదు. అచ్చమైన ట్రాకు ఫోర్కులకు కొన్నిటికి బ్రేకు బిగించే రంధ్రమే ఉండదు. వీధిలో తిరిగే సైకిలుకు అలాంటి ఫోర్కు కొనకపోవడమే మంచిది. ఘాట్లు దిగే ఉద్దేశముంటే వెనక బ్రేకుకు కూడా చోటున్న ఫ్రేము చూసుకోవాలి. వానాకాలంలో బ్రేకు రబ్బర్లలో ఇసుక రేణువులు, అల్యూమినియం పొడి ఇరుక్కుని రిమ్మును కోస్తాయి. పిన్నీసుతో వాటిని ఏరేసి, రబ్బరు ముఖాన్ని గరుకు కాగితంతో రుద్దితే రిమ్ము ఎక్కువ కాలం మన్నుతుంది.

చక్రాలు, టైర్లు, ఫ్రేము

గేర్ల సైకిల్లో పళ్ల చక్రాల దొంతర కోసం వెనక స్పోకులను ఒకవైపు నిటారుగా కడతారు. ఫిక్సీలో ఆ అవసరం లేక రెండు వైపులా స్పోకుల బిగువు దాదాపు సమానంగా ఉంటుంది. అందువల్ల 32 లేదా 36 స్పోకుల వెనక చక్రం గుంతల్లో పడ్డా త్వరగా వంకరపోదు. తొక్కడం ఆపి లేచి నిలబడి గుంత దాటే వీలు లేదు కాబట్టి ఆ గట్టిదనం కావాలి కూడా. టైరు 28 నుంచి 32 మి.మీ. వెడల్పుదైతే వైట్‌ఫీల్డ్ రోడ్డు దెబ్బలు కొంత తగ్గుతాయి. హైవే అంచున లారీ టైర్లు పేలినప్పుడు ఊడిపడే సన్నటి ఉక్కు తీగముక్కలే పంచర్లకు పెద్ద కారణం. పంచరును అడ్డుకునే పొర ఉన్న టైర్లు, ష్వాల్బే మారథాన్, కాంటినెంటల్ గేటర్‌స్కిన్ వంటివి, బరువు ఎక్కువైనా ఇక్కడ పనికొస్తాయి.

ఫ్రేముకు వెనక చక్రం కూర్చునే గాడి అడ్డంగా ఉండాలి. చైను బిగువు సర్దేది చక్రాన్ని ముందుకూ వెనక్కూ జరిపే. నిలువు గాడి ఫ్రేములకు వైట్ ఇండస్ట్రీస్ వారి ఇనో వంటి, ఇరుసు మధ్యకు కాక పక్కకు ఉండే హబ్బులున్నాయి. క్రాంకు పొడవు 165 మి.మీ. ఉంటే మలుపులో, హంపు మీద పెడలు నేలకు తగిలే ప్రమాదం తగ్గుతుంది. మామూలు సైకిలు మీద మలుపులో లోపలి పెడలును పైకి పెట్టుకోవచ్చు. ఫిక్సీకి ఆ అవకాశం లేదు. పాదాన్ని పెడలుకు పట్టి ఉంచే పట్టీలో, క్లీట్లో తప్పవు. పెడలు మీంచి కాలు జారితే వెనక్కి అదిమే బలం పోవడమే కాక, తిరుగుతున్న పెడలు పిక్కను కొడుతుంది.

సంరక్షణ

వారానికోసారి చూడాల్సింది చైను బిగువు. వెనక చక్రం నట్లు 15 మి.మీ. పానాతో కాస్త వదులు చేసి, చక్రాన్ని వెనక్కి లాగి, నిలువునా కూర్చోబెట్టి బిగించాలి. కింది చైను మధ్యలో వేలు పెట్టి కదిపితే పైకీ కిందికీ కలిపి సుమారు అర అంగుళం ఆడాలి. ఏ చైన్‌వీలూ పూర్తి గుండ్రంగా ఉండదు. క్రాంకును మెల్లగా ఒక చుట్టు తిప్పితే చైను ఒకచోట బిగుసుకుంటుంది, ఇంకోచోట వేలాడుతుంది. బిగువును ఎప్పుడూ ఆ బిగుసుకునే చోటే సర్దాలి. వదులైన చోట సర్దితే బిగుసుకునే చోటికి వచ్చేసరికి హబ్బు, బాటమ్ బ్రాకెట్ బేరింగుల మీద ఒత్తిడి పడుతుంది. తేడా మరీ ఎక్కువగా ఉంటే చైన్‌వీలు బోల్టులు వదులు చేసి, బిగువున్నచోట చైను మీద మెల్లగా తట్టి, చైన్‌వీలును మధ్యకు తెచ్చి మళ్లీ బిగిస్తారు.

చైను అరుగుదలను స్కేలుతో కొలవొచ్చు. కొత్త చైనులో 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు. అది 12 అంగుళాల మీద పదహారో వంతు దాటితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు దాటేదాకా వదిలేస్తే కాగ్ పళ్లు కూడా అరిగి కొక్కేల్లా వంగిపోతాయి, అప్పుడు రెండూ మార్చక తప్పదు. వానలో తడిసిన రోజు సాయంత్రమే చైను తుడిచి నూనె వేసి, పైపైన ఉన్నదాన్ని మళ్లీ గుడ్డతో తుడిచేయాలి. పైన మిగిలిన నూనె దుమ్మును పట్టుకుంటుంది.

ఈ తుడవడంలో ఒక ప్రమాదముంది. మామూలు సైకిలును తలకిందులు చేసి, పెడలు తిప్పుతూ చైనుకు గుడ్డ పట్టుకోవడం చాలామందికి అలవాటు. ఫిక్సీలో చక్రం ఒకసారి వేగం పుంజుకుంటే దానంతట అది ఆగదు, చైను తిరుగుతూనే ఉంటుంది. గుడ్డ కొస చైన్‌వీల్లోకి పోతే వేలిని కూడా లాక్కుపోతుంది. ఇలా వేళ్లు తెగిన సంఘటనలున్నాయి. చక్రం ఆపి, చైనును జానెడు జానెడు జరుపుతూ తుడవడమే సరైన పద్ధతి.

నెలకోసారి లాక్‌రింగు, క్రాంకు బోల్టు, చైన్‌వీలు బోల్టులు, ఇరుసు నట్లు పానాతో తడిమి చూడాలి. అనేక సీల్డు హబ్బుల్లో 6000, 6001 సైజు బేరింగులుంటాయి. అవి మోటార్లు బాగుచేసే వీధిలోని బేరింగు దుకాణాల్లోనూ దొరుకుతాయి. పాత పద్ధతి గోళీల హబ్బయితే వానాకాలం పోయాక ఒకసారి ఓవరాలింగు చేయించి, కొత్త గ్రీజు, కొత్త గోళీలు వేయించుకోవాలి.

దూరప్రయాణం

ఫ్రాన్స్‌కు చెందిన ఆడాక్స్ క్లబ్ పారిజియన్ నిబంధనలతో జరిగే, బ్రెవే అనే దూరప్రయాణాల్లో 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో, 300ను 20 గంటల్లో, 400ను 27 గంటల్లో, 600ను 40 గంటల్లో ముగించాలి. భారతదేశంలో వీటిని ఆడాక్స్ ఇండియా రాండనర్స్ పర్యవేక్షిస్తుంది. బెంగళూరులోనూ, హైదరాబాదులోనూ వీటిని నిర్వహించే బృందాలున్నాయి. గేర్లు ఉండాలన్న షరతు లేదు. రాత్రికి దీపాలు, మెరిసే జాకెట్టు మాత్రం ఉండాలి. సగటున గంటకు పదిహేను కిలోమీటర్లు సాగితే చాలు కాబట్టి చదును దారుల్లో ఫిక్సీకి వేగం సమస్య కాదు.

సమస్య దిగుడులో వస్తుంది. కోలారు, ముళబాగిలు దాటి పలమనేరు వరకు పీఠభూమి. అక్కణ్నుంచి మొగిలి ఘాట్ రోడ్డు చిత్తూరు వైపు మైదానంలోకి దిగుతుంది. 46×18 గేరు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే నిమిషానికి 122 చుట్లు, 50 కిలోమీటర్లంటే 153 చుట్లు. అలవాటు లేని కాళ్లు ఆ వేగాన్ని అందుకోలేక తుంటి సీటు మీద ఎగిరెగిరి పడుతుంది. ముందు బ్రేకుతో మొదటి నుంచీ వేగాన్ని అదుపులో ఉంచుకోవడం ఒక దారి. రెండు ముఖాల హబ్బున్నవాళ్లు ఘాటు మొదట్లో దిగి, చక్రాన్ని తిప్పి, ఫ్రీవీలు వైపు వేసుకుంటారు. అలా చేసినప్పుడు కాళ్లతో ఆపడం కుదరదు కాబట్టి వెనక బ్రేకు కూడా బిగించి ఉండాలి. ఫ్రీవీలు, కాగ్ పళ్ల సంఖ్యలో ఒకటి రెండుకు మించి తేడా లేకపోతే అదే చైను రెంటికీ సరిపోతుంది. 1,478 మీటర్ల ఎత్తున్న నంది కొండ ఎక్కేవాళ్లు ఫ్రీవీలు వైపు 20 పళ్లది పెట్టుకోవడం కూడా ఉంది. అప్పుడు గాడిలో చక్రం జరిగే పొడవు ముందే కొలిచి చూసుకోవాలి.

దారిలో దొరికే, దొరకని సామాను తేడా తెలిసి ఉంటే సంచీ బరువు తగ్గుతుంది. హైవే పక్కన ఊళ్లలోని సైకిల్ షాపుల్లో చైను, నూనె, గోళీలు, బెండు తీసే చెయ్యి దొరుకుతాయి. 700 సైజు ట్యూబు, టైరు దొరకడం కష్టం. సన్నటి ప్రెస్టా వాల్వున్న ట్యూబుకు పెట్రోలు బంకు గాలిగొట్టం పట్టదు, చిన్న ఇత్తడి అడాప్టరు ఉండాలి. అందుకని రెండు ట్యూబులు, ప్యాచీలు, చేతిపంపు, అడాప్టరు, 15 మి.మీ. పానా, చైను లాకు ఒకటి, చైను పిన్ను తీసే పనిముట్టు సీటు కింద సంచీలో వేసుకుంటారు. లాక్‌రింగు కొక్కెం పానా ఏ ఊరి షాపులోనూ దొరకదు, దాన్ని ఇంటి దగ్గర వదలకూడదు.